చలిదేశం నుంచి సెరెంగెటికి: సఫారీ సెలవు ఎలా ప్లాన్ చేసుకోవాలి

ఫిబ్రవరి నెలలో స్టాక్‌హోమ్‌లో పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్తుంటే బూట్ల కింద ఐసు కరకరమంటుంది. సరిగ్గా అదే రోజుల్లో టాంజానియాలోని ఎన్‌డూటు మైదానంలో వేలకొద్దీ వైల్డ్‌బీస్ట్‌లు (ఆవు పోలికలున్న పెద్ద జింకలు) ఈనుతుంటాయి. ఈ రెండింటికీ మధ్య ఒక రాత్రి విమాన ప్రయాణం, రెండు గంటల టైమ్ తేడా మాత్రమే ఉన్నాయి. ఇండియా వెళ్లినప్పుడు అర్ధరాత్రి మెలకువ వచ్చి కూర్చునే బాధ ఇక్కడ ఉండదు. ఎండాకాలంలో స్వీడన్‌కి టాంజానియాకి తేడా ఒక్క గంటే. హెల్సింకీలో ఉన్నవాళ్లకైతే అదీ లేదు.

స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, కెనడా లాంటి చోట్ల ఉంటూ ఒక్కసారైనా పిల్లలకి ఆఫ్రికా సఫారీ చూపించాలనుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మేం రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి 7 రోజుల్లో 5 చోట్లు తిరిగాం. రెండోసారి 9 రోజుల్లో 3 చోట్లే చూశాం. ఇప్పటికీ మా ఇంట్లో భోజనాల దగ్గర మాటల్లోకి వచ్చేది రెండో ప్రయాణమే. అందుకే కింద ఎన్ని వివరాలు చెప్పినా నా గట్టి సలహా ఒక్కటే: చోట్లు తగ్గించండి, రోజులు పెంచండి.

1. ముందు నెల తేల్చుకోండి, చోటు దాన్నిబట్టి వస్తుంది

చాలామంది ఫ్లైట్ ఆఫర్ కనిపించగానే టికెట్ కొనేసి, ఆ తర్వాత అక్కడ ఏం చూడొచ్చో వెతుక్కుంటారు. టాంజానియాలోని సెరెంగెటి పార్కు విషయంలో అలా చేస్తే దెబ్బతింటారు. ఆ పార్కు దాదాపు 14,763 చదరపు కిలోమీటర్లు. అందులో 13 లక్షల దాకా వైల్డ్‌బీస్ట్‌లు, వాటితోపాటు లక్షల జీబ్రాలు, జింకలు వానల వెంట గడ్డి కోసం ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి. మీరు దక్షిణాన ఉండి మందలు ఉత్తరాన ఉంటే, మధ్యలో ఒక రోజంతా గతుకుల రోడ్డు.

డిసెంబర్ చివరి నుంచి మార్చి దాకా మందలు దక్షిణ మైదానాల్లో, ఎన్‌డూటు చుట్టుపక్కల ఉంటాయి. పాత అగ్నిపర్వతాల బూడిద పడిన నేల కాబట్టి అక్కడి పొట్టి గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ. పాలిచ్చే తల్లులకి కావాల్సింది అదే. పైగా చెట్లు తక్కువ కాబట్టి పొంచి ఉన్న సింహం దూరం నుంచే కనిపిస్తుంది. అందుకే జనవరి చివర మొదలై, ఫిబ్రవరిలో జోరందుకుని, కొద్ది వారాల్లోనే దాదాపు అన్నీ ఈనేస్తాయి. మార్చి మధ్య నుంచి మే దాకా పెద్ద వానలు, బురద. రేట్లు బాగా తగ్గుతాయి గానీ కొన్ని క్యాంపులు మూసేస్తారు. జూన్‌కి మందలు పడమర వైపు గ్రుమెటి నది దగ్గరికి చేరతాయి. జులై నుంచి అక్టోబర్ దాకా ఉత్తరాన మారా నది దగ్గర ఉంటాయి. టీవీలో మనం చూసే మొసళ్లు, నది దాటడాలు అక్కడివే. నవంబర్‌లో చిన్న వానలు పడగానే మళ్లీ దక్షిణానికి తిరుగుతాయి.

ఇప్పుడు దీన్ని మీ పిల్లల స్కూల్ సెలవుల పక్కన పెట్టి చూడండి. స్వీడన్‌లో స్పోర్ట్‌లోవ్, అంటే చలికాలపు స్కూల్ సెలవు, గోథెన్‌బర్గ్ వాళ్లకి ఏడాదిలో 7వ వారం, స్కోనె వాళ్లకి 8వ వారం, స్టాక్‌హోమ్ వాళ్లకి 9వ వారం వస్తుంది. అంటే అచ్చంగా ఎన్‌డూటు ఈతల కాలం. నార్వే, ఫిన్లాండ్ చలికాలం సెలవులూ ఇంచుమించు అప్పుడే. అందరూ కొండల మీదికి స్కీయింగ్‌కి పోయే ఆ వారమే సఫారీకి బంగారం లాంటి వారం. టొరంటో వైపు మార్చ్ బ్రేక్ నెల మధ్యలో పడుతుంది, అంటే పెద్ద వానల అంచున. వెళ్లొచ్చు గానీ ఒకటి రెండు రోజులు తడవడానికి సిద్ధపడి వెళ్లాలి.

జులై, ఆగస్టు సెలవుల్లో వెళ్లేవాళ్లు ఉత్తర సెరెంగెటి ఎంచుకోండి. అది ఎండు కాలం కాబట్టి తరంగీరే పార్కులో నది పక్కన ఏనుగులు గుంపులు గుంపులుగా చేరతాయి, అదీ కలుపుకోండి. ఒక్క మాట: ఫలానా రోజు మందలు నది దాటతాయని మాటిచ్చే ఏజెంట్‌ని నమ్మకండి. అది ఎవరి చేతుల్లోనూ ఉండదు. గట్టున నాలుగు గంటలు నిలబడి, నీళ్ల వాసన చూసి, వెనక్కి వెళ్లిపోయే మందలూ ఉంటాయి.

మీ పిల్లలు మరీ చిన్నవాళ్లయితే, మూడు నాలుగేళ్ల లోపు అయితే, నా అభిప్రాయం వేరు. రోజూ దుమ్ములో గంటల ప్రయాణం, మలేరియా మందులు వాళ్లకి కష్టం. దక్షిణాఫ్రికాలో పిలానెస్‌బర్గ్, మదిక్వే లాంటి మలేరియా లేని పార్కులు ఉన్నాయి. అక్కడికి వెళ్లండి, సెరెంగెటి కొన్నేళ్లు ఆగుతుంది.

2. రోజులు, మకాములు

సఫారీలు మొదలయ్యే ఊరు అరుషా నుంచి తరంగీరేకి రెండు రెండున్నర గంటలు. అరుషా నుంచి ఎన్‌గొరొంగొరో అభయారణ్యం పక్కనున్న కరాటు ఊరికి మూడు గంటలు. కరాటు నుంచి సెరెంగెటి మధ్యలోని సెరొనెరాకి నాలుగైదు గంటలు. ఎన్‌గొరొంగొరో గేటు దాకా తారు రోడ్డు బాగుంటుంది, గేటు దాటాక మట్టి రోడ్డు, మీద అలలు అలలుగా గట్లు. ఈ గంటల్ని కాగితం మీద కూడి చూసుకోండి. రోజూ మకాం మారిస్తే సగం సెలవు బండి కుదుపుల్లోనే గడిచిపోతుంది. మొదటిసారి మాకు జరిగింది అదే. ఐదో రోజుకి మా చిన్నది, "అమ్మా, ఇవాళ జంతువులు వద్దు, ఇక్కడే ఉందాం" అని ఏడ్చింది.

ఫిబ్రవరికి నేను సూచించే వరస ఇది. మొదటి రాత్రి అరుషాలో పూర్తి విశ్రాంతి. తరంగీరేలో రెండు రాత్రులు. ఎన్‌డూటులో మూడు రాత్రులు, వీలైతే నాలుగు. తిరుగు దారిలో ఒకటి రెండు రాత్రులు ఎన్‌గొరొంగొరో అంచున గానీ కరాటులో గానీ ఉండి, ఒక పొద్దున అక్కడి బిలంలోకి, అంటే పాత అగ్నిపర్వతం కూలి ఏర్పడిన పెద్ద గిన్నెలాంటి లోయలోకి, దిగండి. ఆ తర్వాత అరుషా. జులై, ఆగస్టులో అయితే ఎన్‌డూటు బదులు సెరొనెరాలో రెండు రాత్రులు, ఉత్తరాన కొగటెండేలో మూడు రాత్రులు పెట్టుకుని, అక్కణ్నుంచి చిన్న విమానంలో అరుషాకి తిరిగి రండి. రోడ్డు మీద వెనక్కి రావడం పెద్ద శిక్ష. కాకపోతే ఆ చిన్న విమానాల్లో మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులోనే. గట్టి చక్రాల సూట్‌కేసు ఎక్కనివ్వరు.

తరంగీరేని చాలామంది దారిలో ఒక పూట చూసి వదిలేస్తారు. వదలకండి. గోల్కొండ నయా ఖిల్లాలో 'హాథియాన్ కా ఝాడ్' అని పిలిచే లావుపాటి చెట్టును చూశారా? ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ అది. హైదరాబాద్‌లో ఆ ఒక్క చెట్టు చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుంటాం. తరంగీరేలో ఆ చెట్లు కొండవాలంతా నిలబడి ఉంటాయి, బెరడు మీద ఏనుగులు దంతాలతో చీల్చిన పెద్ద పెద్ద గాయాలు కనిపిస్తాయి. ఆ మొదళ్ల దగ్గర గుంపుగా నడుస్తుంటే ఏనుగులు కూడా చిన్నగా అనిపిస్తాయి.

3. ఎవరి దగ్గర బుక్ చేయాలి, ఎంత అవుతుంది

రెండు దారులున్నాయి. మీరుండే దేశంలోని ట్రావెల్ సంస్థ ద్వారా వెళ్తే ఖర్చు ఎక్కువ, రక్షణ కూడా ఎక్కువ. స్వీడన్‌లో ప్యాకేజీ అమ్మే సంస్థ రెసెగరంటి, అంటే ప్రయాణ హామీ సొమ్ము, ముందే కట్టి ఉండాలి. సంస్థ మూతపడితే మీ డబ్బు పూర్తిగా పోదు. అరుషాలోని ఆపరేటర్‌తో నేరుగా మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది, ప్లాన్ మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. కానీ పరిశీలన మీరే చేసుకోవాలి. ప్రభుత్వ టూరిజం లైసెన్సు కాపీ అడగండి. అక్కడి టూర్ ఆపరేటర్ల సంఘం టాటోలో సభ్యత్వం ఉందో లేదో చూడండి. అడ్వాన్సు 20, 30 శాతం మామూలే, మొత్తం డబ్బు ముందే పంపమంటే వెనక్కి తగ్గండి.

కొటేషన్ చేతికి రాగానే క్యాంపుల పేర్లు ఒక్కొక్కటీ మ్యాపులో పెట్టి చూడండి. ఇది దాటవేయొద్దు. మొదటిసారి మా కాగితంలో 'సెరెంగెటి క్యాంపు' అని ఉంది. తీరా వెళ్తే అది పార్కు గేటు బయట. రోజూ పొద్దున గంటకు పైగా ప్రయాణించి, గేటు దగ్గర కాగితాల కోసం ఆగి, లోపలికి వెళ్లేసరికి ఎండెక్కేది. సింహాలు అప్పటికే పొదల కింద పడుకునేవి. క్యాంపు లోపల ఉంటే 6 గంటలకల్లా గడ్డిలో ఉంటారు. ఆ రెండు గంటల తేడాకి ఎంత డబ్బు ఎక్కువైనా పెట్టొచ్చు.

ఆపరేటర్‌ని అడగాల్సినవి ఇంకొన్ని. బండి మీ కుటుంబానికే ప్రత్యేకమా, వేరేవాళ్లతో కలిపా? ప్రతి ఒక్కరికీ కిటికీ సీటు ఉందా? పైకప్పు లేస్తుందా? పార్కు ఫీజులు, వ్యాట్ రేటులో కలిసి ఉన్నాయా? చివరిది ముఖ్యం, ఎందుకంటే ఫీజులు చిన్న మొత్తాలు కావు. మేం చివరిసారి వెళ్లినప్పుడు సెరెంగెటిలో విదేశీ పెద్దవాళ్లకి 24 గంటలకి 70 డాలర్లు, దాని మీద 18 శాతం వ్యాట్. ఎన్‌గొరొంగొరో బిలంలోకి దిగడానికి మనుషుల ఫీజు కాక ఒక్కో బండికి 250 డాలర్లు, మళ్లీ వ్యాట్. ఇవి మారుతుంటాయి, కాబట్టి కొటేషన్ తేదీ నాటి రేటు రాయించుకోండి. ఐదేళ్ల లోపు పిల్లలకి పార్కు ఫీజు లేదు.

మొత్తం మీద, మధ్యరకం క్యాంపులు, సొంత బండి, గైడు, భోజనం అన్నీ కలిపి మనిషికి రోజుకి సుమారు 300 నుంచి 450 డాలర్లు అనుకోండి. మామూలు టెంట్లలో పడుకునే క్యాంపింగ్ సఫారీ అయితే తగ్గుతుంది. గైడుకి టిప్పు విడిగా ఉంచుకోండి, బండికి రోజుకి 20 నుంచి 30 డాలర్లు గౌరవంగా ఉంటుంది. నోట్లు కొత్తవి తీసుకెళ్లండి. 2006కి ముందు అచ్చయిన డాలర్ నోట్లు అక్కడ తీసుకోరు. చిల్లర ఖర్చులకి అక్కడి డబ్బు షిల్లింగులు మార్చుకోండి.

4. టికెట్లు, వీసా

దిగాల్సిన విమానాశ్రయం కిలిమంజారో. అది అరుషాకి గంట దూరం. ఆమ్‌స్టర్‌డామ్, దోహా, ఇస్తాంబుల్, అడిస్ అబాబా మీదుగా చేరొచ్చు. వీసాకి ముందే ఆన్‌లైన్‌లో అప్లై చేయడం మంచిది, మామూలు టూరిస్టు వీసా 50 డాలర్లు. అమెరికా పాస్‌పోర్టుకి 100. మన ఇళ్లలో ఒకరిది స్వీడిష్ పాస్‌పోర్టు, ఒకరిది ఇండియన్ పాస్‌పోర్టు ఉండటం మామూలే కాబట్టి ఒక్కొక్కరి నియమాలూ విడిగా చూసుకోండి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు ఉండాలి. ఇండియన్ పాస్‌పోర్టువాళ్లు రెసిడెన్స్ పర్మిట్ కార్డు గడువు కూడా చూసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు టెన్షన్ పెట్టేది అదే.

ఎల్లో ఫీవర్ టీకా దగ్గర చాలామంది గందరగోళపడతారు. యూరప్ నుంచి నేరుగా వస్తే టాంజానియా ఆ సర్టిఫికెట్ అడగదు. ఎల్లో ఫీవర్ ముప్పు ఉన్న దేశం నుంచి వస్తే, లేదా అలాంటి దేశపు విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగితే అడుగుతుంది. ఇథియోపియా, కెన్యా రెండూ ఆ జాబితాలోవే. కాబట్టి అడిస్ అబాబాలో ఎంతసేపు ఆగాలో టికెట్ కొనేముందే చూడండి. కెన్యా కూడా చూసి అటునుంచి అటే హైదరాబాద్ వెళ్లి అమ్మానాన్నల్ని చూసొద్దాం అనుకునేవాళ్లు మరీ జాగ్రత్త. ఇండియా ఈ విషయంలో చాలా కఠినం. సర్టిఫికెట్ లేకపోతే శంషాబాద్‌లో దిగాక 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది.

చివర్లో జాంజిబార్ బీచ్ కలుపుకుంటే, 2024 అక్టోబర్ నుంచి అక్కడికి ప్రత్యేక ప్రయాణ బీమా తప్పనిసరి. మీ సొంత బీమా ఉన్నా అది కొనాల్సిందే.

5. మలేరియా: దయచేసి ఇది వదిలేయకండి

"మనం ఇండియాలో పుట్టి పెరిగినవాళ్లం, దోమలు మనల్ని ఏం చేస్తాయి?" అనే మాట ప్రతి తెలుగు పార్టీలోనూ వింటాను. అది ప్రమాదకరమైన మాట. మలేరియా ఉన్న చోట ఏళ్ల తరబడి ఉంటేనే కాస్తో కూస్తో తట్టుకునే శక్తి వస్తుంది. అక్కణ్నుంచి బయటికొచ్చి కొన్నేళ్లయితే అదీ పోతుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకి అసలే ఉండదు. టాంజానియాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, ప్రాణం తీసేది అదే.

ప్రయాణానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ట్రావెల్ వ్యాక్సిన్ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. హెపటైటిస్ ఎ, టైఫాయిడ్, టెటనస్ గురించి అక్కడే మాట్లాడొచ్చు. మలేరియా మాత్రల్లో ఎక్కువమందికి రాసేది అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసినది. వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ రోజూ భోజనంతో వేసుకుని, తిరిగొచ్చాక ఇంకో 7 రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ చవక, కానీ తిరిగొచ్చాక 4 వారాలు వాడాలి, ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది, చిన్నపిల్లలకి ఇవ్వరు. ఏది మీకు సరిపోతుందో డాక్టరే చెప్పాలి. మీరు చేయాల్సింది తిరిగొచ్చాక మాత్రలు మధ్యలో ఆపకపోవడం. ఇంటికొచ్చి, ఆఫీసు మొదలై, మూడో రోజుకి డబ్బా మర్చిపోతాం. ఫోన్‌లో అలారం పెట్టండి.

మలేరియా దోమ కుట్టేది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా. సాయంత్రం నిండు చేతుల చొక్కా, ప్యాంటు, సాక్సులు వేసుకోవాలి. ముందు సన్‌స్క్రీన్ రాసి, అది ఇంకాక దాని మీద దోమల మందు రాయండి.

బీమా కాగితంలో 'విమానంలో ఆసుపత్రికి తరలింపు' ఉందో లేదో చదవండి. సెరెంగెటి మధ్యలో కాలు విరిగితే పెద్దాసుపత్రికి వెళ్లే దారి ఆకాశమే. 1957 నుంచి తూర్పు ఆఫ్రికాలో ఈ పని చేస్తున్న ఆమ్‌రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ సంస్థ నైరోబీ నుంచి విమానం పంపుతుంది. చాలా ఆపరేటర్లు వాళ్ల సభ్యత్వాన్ని ప్యాకేజీలో కలుపుతారు. మీదాంట్లో ఉందా అని అడగండి.

ఇక ఎండ. నవంబర్ నుంచి సూర్యుణ్ని సరిగ్గా చూడని ఒంటికి, భూమధ్యరేఖకి రెండు మూడు డిగ్రీల దూరంలో, 1,500 మీటర్ల ఎత్తులో ఎండ అంటే మాటలు కాదు. చర్మం రంగు మనల్ని పూర్తిగా కాపాడదు. పైకప్పు లేపిన బండిలో గాలి తగులుతుంటుంది కాబట్టి కాలుతున్నట్టు తెలియదు. ఒళ్లు వేడికి అలవాటుపడటానికి వారం పైనే పడుతుంది, మన సెలవు అంతే ఉంటుంది. అందుకే మొదటి రెండు రోజులు మధ్యాహ్నం నీడలో ఉండండి, దాహం వేయకముందే నీళ్లు తాగండి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గరుంచుకోండి.

6. బ్యాగులో ఏముండాలి

ఆఫ్రికా అంటే వేడి అనుకుని స్వెటర్లు తీసేయకండి. ఎన్‌గొరొంగొరో బిలం అంచు సుమారు 2,300 మీటర్ల ఎత్తు. జులై, ఆగస్టు తెల్లవారుజామున అక్కడ 10 డిగ్రీల కంటే తక్కువే, పొగమంచులో చేతులు చల్లబడతాయి. ఫిబ్రవరిలో కూడా పొద్దున 6 గంటలకి పైకప్పు లేపిన బండిలో చలేస్తుంది. ఫ్లీస్, సన్నటి గాలి జాకెట్, చెవులు కప్పే టోపీ మన ఇళ్లలో ఎలాగూ ఉన్నవే, వాటినే తీసుకెళ్లండి. లావుపాటి చలికోటు మాత్రం విమానాశ్రయానికి దింపే వాళ్లకి ఇచ్చేయండి, లేదా కుదించే సంచిలో పెట్టి అరుషాలో ఆపరేటర్ ఆఫీసులో వదలండి.

రంగుల విషయం. చలిదేశాల్లో మన జాకెట్లన్నీ నలుపు, ముదురు నీలం. తరంగీరేలోనూ, సెరెంగెటి పొదల ప్రాంతాల్లోనూ సెట్సీ ఈగలుంటాయి. వాటిని లాగేది సరిగ్గా ఆ రెండు రంగులే. దారి పక్కన చెట్లకి నీలం, నలుపు గుడ్డలు వేలాడుతుంటే ఎవరో ఆరేసుకున్నారనుకున్నాం. అవి ఆ ఈగల్ని పట్టే ఉచ్చులని గైడు చెప్పాడు. ఆ మధ్యాహ్నం నా నల్ల టీషర్టు మీద వాలినన్ని ఈగలు ఖాకీ చొక్కా వేసుకున్న మా ఆయన మీద వాలలేదు. కుడితే సూదితో పొడిచినట్టుంటుంది, బట్ట మీంచే కుడుతుంది, మామూలు దోమల మందుకి పెద్దగా లొంగదు. లేత గోధుమ, ఖాకీ, ఆకుపచ్చ రంగులు కొనండి. సైన్యం మచ్చల డిజైన్ బట్టలు మాత్రం వద్దు.

ప్లాస్టిక్ సంచులు. 2019 జూన్ 1 నుంచి టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. మనం ఊరగాయ సీసాని రెండు కవర్లలో, చెప్పుల్ని ఒక కవర్లో, తడి బట్టల్ని ఇంకో కవర్లో చుట్టే అలవాటున్న వాళ్లం. అన్నిటికీ గుడ్డ సంచులు కుట్టించుకోండి. సబ్బు, పేస్టు పెట్టుకునే జిప్ సంచికి అభ్యంతరం లేదు.

దుమ్ముకి నూలు తుండుగుడ్డని మించింది లేదు. మెడకి చుట్టుకోవచ్చు, ఎదురుగా బండి వస్తే ముక్కు కప్పుకోవచ్చు, తడిపి నెత్తిన వేసుకోవచ్చు. కాంటాక్ట్ లెన్సులవాళ్లు కళ్లజోడు తీసుకెళ్లండి. బైనాక్యులర్ 8x32 గానీ 8x42 గానీ, ఇంటికి ఒకటి చాలదు, ఇద్దరికి ఒకటైనా ఉండాలి. కెమెరా ఉంటే ట్రైపాడ్ బరువు మోయకండి. ఒక ఖాళీ గుడ్డ సంచి పట్టుకెళ్లి, అరుషాలో రెండు కిలోల బియ్యం కొని అందులో పోసి మూతి కట్టండి. కిటికీ మీద పెడితే లెన్సు కదలదు. చివరి రోజు ఆ బియ్యం ఎవరికైనా ఇచ్చేయొచ్చు. ప్లగ్గులకి బ్రిటిష్ తరహా మూడు పలకల అడాప్టర్ కావాలి. డ్రోన్ ఇంట్లో వదిలేయండి.

7. తిండి

ఇది తేలిక. శాకాహారమైతే బుకింగ్‌లోనే రాయించండి, గుడ్డు తింటారో లేదో కూడా. చపాతీ, పిలావు, సంబూసా అక్కడివాళ్లు రోజూ తినేవే, పేర్లు కూడా ఇంచుమించు మనవే. అరుషాలో గుజరాతీ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి, పప్పన్నం దొరుకుతుంది. కందిపొడి, ఒక చిన్న ఊరగాయ డబ్బా ఉంటే పిల్లలకి మధ్యాహ్నం డబ్బా భోజనం కూడా సాగుతుంది.

ఎన్‌గొరొంగొరో బిలంలో చెరువు పక్కన పిక్నిక్ చోటు ఉంది, అక్కడ మాత్రం బండిలోనే కూర్చుని తినండి. గైడు చెప్పినా వినకుండా మా బాబు బయట నిలబడి చికెన్ ముక్క నోటి దాకా తీసుకెళ్లాడు. వెనక నుంచి గద్ద వచ్చిన చప్పుడు కూడా మాకు వినపడలేదు. రెక్క వాడి చెంపకి తగిలింది, చేతిలో ముక్క లేదు, వేలి మీద సన్నటి గీరు. రెప్పపాటులో అయిపోయింది. ఆ చెట్ల మీద ఇంకో పది కూర్చుని ఉన్నాయి.

8. బండిలో ఎలా ఉండాలి

మొదటి పొద్దునే గైడుకి ఒక మాట చెప్పండి: "మాకు లిస్టు పూర్తిచేయాలని లేదు. ఎక్కడ బాగుంటే అక్కడ ఆగుదాం." ఈ మాట చెప్పకపోతే చాలామంది గైడ్లు సింహం, చిరుత, ఖడ్గమృగం అంటూ రేడియో విని పరుగులు పెడతారు, ఎందుకంటే టూరిస్టులు అడిగేది అదే. నాలుగు స్వాహిలీ పేర్లు పిల్లలకి నేర్పించండి. సింబా సింహం, టెంబో ఏనుగు, ట్విగా జిరాఫీ, దూమా చీతా. వాళ్ల నోటి వెంట ఆ మాటలు వింటే గైడు మొహం వెలిగిపోతుంది.

ఎన్‌డూటులో ఒక పొద్దున మేం రెండు గంటలు ఒకే చోట ఆగాం. ఒక వైల్డ్‌బీస్ట్ మందకి కాస్త పక్కగా వచ్చి పడుకుంది, లేచింది, మళ్లీ పడుకుంది. ముందు రెండు కాళ్లు, తర్వాత తల బయటికొచ్చాయి. దూడ నేల మీద పడగానే తల్లి నాకడం మొదలుపెట్టింది. దూడ ముందుకాళ్లు లేపింది, పడింది. మళ్లీ లేచింది, పక్కకి ఒరిగింది. మా బాబు వాచీ చూస్తున్నాడు. ఆరో నిమిషంలో నాలుగు కాళ్ల మీద నిలబడింది, కాసేపటికి తల్లి పక్కనే పరిగెత్తింది. దూరంగా ఒక హైనా కూర్చుని అంతా చూస్తూనే ఉంది. బండిలో ఎవరూ మాట్లాడలేదు. ఇలాంటిది చూడాలంటే గైడుకి తొందర లేదని తెలియాలి, మనకీ ఓపిక ఉండాలి.

కొన్ని పనులు మాత్రం డబ్బు ఎక్కువిచ్చి కూడా అడగకండి. సెరెంగెటిలో రోడ్డు దిగి గడ్డిలోకి బండి పోనివ్వమని గైడుని ఒత్తిడి చేయొద్దు, పట్టుబడితే జరిమానా, లైసెన్సు సమస్య అతనికే. చీతా వేటకి వెళ్తుంటే వెనక పడొద్దు. అది పగలు వేటాడే జంతువు, బండ్లు చుట్టుముడితే ఆ పూట దానికీ పిల్లలకీ తిండి ఉండదు. నది దాటే మంద ముందు బండి అడ్డం పెడితే మంద బెదిరి చెల్లాచెదురవుతుంది. మీ బండి అలా వెళ్తుంటే "వెనక్కి తీయండి అన్నా" అని చెప్పే హక్కు మీకుంది, చెప్పండి. ఎన్‌గొరొంగొరోలో ఆవుల్ని మేపుకునే మసాయి తెగవాళ్ల ఫొటో తీయాలంటే ముందు అడగండి.

రాత్రి క్యాంపుకి కంచె ఉండదు. టెంటు నుంచి భోజనానికి వెళ్లాలన్నా టార్చి వేసి పిలిస్తే క్యాంపు మనిషి వచ్చి తీసుకెళ్తాడు. పిల్లలకి ఈ నియమం మొదటి రోజే గట్టిగా చెప్పండి.

9. తిరిగొచ్చేటప్పుడు

చలికోటు, బూట్లు, గ్లవ్స్ చెకిన్ బ్యాగులో పెట్టకండి. బ్యాగు ఒక రోజు ఆలస్యమైతే, చొక్కాతో మైనస్ 8లో పార్కింగ్ దాకా నడవాల్సి వస్తుంది. బట్టలన్నీ ఎర్రదుమ్ము పట్టి ఉంటాయి, ఉతికే ముందు బాల్కనీలో దులపండి.

వచ్చాక మూడు నెలల్లోపు ఎప్పుడైనా ఎవరికి జ్వరం వచ్చినా, మాత్రలన్నీ సరిగ్గా వేసుకున్నా సరే, ఫ్లూ సీజన్ కదా అని ఊరుకోకండి. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. లోపలికి వెళ్లగానే వాళ్లు అడగకముందే మీరే చెప్పండి: "మేం టాంజానియా వెళ్లొచ్చాం, మలేరియా టెస్టు చేయండి."